చీర గార్డు

కొత్త బండి నా కాడికి రాంగనే
మొదట అద్దాలిప్పుమంటరు.
"సందులల్ల తట్టుకుంటున్నయి కుర్మన్నా,
ఎనక జూసి నేనేం జెయ్యాలె?"
అటెన్క చీర గార్డు. పత్తి బస్తా ఆనదంట.
హెల్మెట్టు హ్యాండిలుకు ఏలాడుతది,
పోలీసోడు కనపడే దాక.
పానా పట్టిన చెయ్యి ఎదురు మాట్లాడదు.
షోరూమోడు బిగించింది నేనిప్పుత,
ఇరవై రూపాలు.

కల్వకుర్తి రోడ్డు మీద పదకొండేండ్లు.
షెడ్డు మూలకు గోనెసంచి నిండ అద్దాలు.
పొద్దుగూకంగ ఎండ తగుల్తే
సంచిలకెళ్ళి రోడ్డు ముక్కలు ముక్కలుగ ఉరుకుతది,
ఎవలూ చూడని లారీలు దాంట్ల.
గార్డులేమో పాత ఇనుపసామానోడు
కిలోల లెక్క కొంచవోయిండు.
ఒక్కటి మిగిలింది.
మా ఇంటామె దాన్ని గోడకు చేరేసి
చిక్కుడు తీగ పాకించింది.

మొన్న సంత నాడు మన్నెమ్మ
నడుసుకుంటొచ్చింది,
మొగడు బండి నూక్కుంట ఎన్కాల.
నీలం చీర. కొంగు సగమే ఉన్నది.
కడమ సగం ఎనక చక్రం చువ్వలల్ల
నల్లగ, పురివెట్టిన తాడు లెక్క.
మోచెయ్యి గీసుకపోయింది.
మిరపకాయల మూట మీద పడ్డదట,
పక్కకు పడుంటే కంకర.
"చీర పోతే పోనియ్యి.
పంతులమ్మ బండికున్నది గద, గా జాలి,
మా బండికెందుకు లేదు?"

ఉండె. పోయిన ఉగాదికి ఇప్పింది నేనే.
నేననలే. ఆమె మొగడూ అనలే.
కత్తెరతోని చువ్వలకెళ్ళి చీర కోస్తాంటే
పోగు పోగుకో బండి యాదికొచ్చింది:
పెంటయ్యది, పాల బుడ్డయ్యది,
వట్టెం సారుది, పెండ్లాన్ని ఎక్కించుకొని పోతడు.

ఇంటికి పోయిన.
తీగ గట్టిగ పట్టుకున్నది,
మెలిక మెలిక ఇప్పంగ అర్ధగంట.
పూత రాలింది. ఇంటామె తిట్టింది.
రెండు బోల్టులు కొత్తయి ఏసిన.
ఎండిన తీగొకటి జాలికి చుట్టుకొనే ఉంటే
"ఉండనియ్యి" అన్నది మన్నెమ్మ.

సంచిల చెయ్యివెట్టి అద్దమొకటి తీసి బిగించిన.
ఆమె మొగడు దాంట్ల మీసం జూసుకుంటుండె.
ఎన్కాల కూసున్న మన్నెమ్మ
భుజం తట్టింది:
"నీ మొకం గాదు. నేను గనపడాలె. జెర ఇటు మలుపు."

ఎంతాయె అనడిగిండు.
ఇప్పినప్పుడే ఇచ్చినవు గద అన్న.

తెల్లారి ఓ పిలగాడొచ్చిండు,
సీటు కవరు గూడ తియ్యలే, గంత కొత్త బండి.
"అద్దాలిప్పు కుర్మన్నా."
పానా ఏడవెట్టిన్నో యాదికొస్తలేదన్న.
జేబుల బరువుగనే ఉండె.