అరసైజు

బెథెస్డాలో వాన తెరిపిచ్చినట్టే ఇచ్చిన ఓ గురువారం
ఇడ్వాల్ మా కొట్లోకొచ్చి
తడి మేజోళ్లు పిండి, ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.
"ఒక్కటే జత కావాలి మెరెరిడ్.
లోయ అడుగు నుంచి పరిగెత్తుకుంటూ పోవాలి,
అవే బూట్లతో ట్రవాన్ గట్టు మీద పాకాలి.
మార్చుకోడానికి వీపున సంచి మొయ్యను."

రెండు జతలు అమ్మితే నాకే లాభం.
ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి వెనక్కెళ్లింది.

ముందు పొడుగు ముళ్ల జత తీశాను.
గొర్రెలు తొక్కి చిదిమిన బురదలో
కసిగా దిగి పట్టుకుంటాయి.
అడుసు తొక్కనేల అని ఇక్కడెవరూ అడగరు,
ఈ కొండల్లో అడుసే దారి.
కానీ రాతి అంచు మీద
అదే ముళ్లు కదిలే పాలపళ్లు,
ఇటు నిలబడితే అటు ఒరుగుతాయి.

తర్వాత రాతి కోసమే పుట్టినవి.
మెత్తటి రబ్బరు, మునివేళ్ల కింద నున్నటి అడుగు.
రెండు వేళ్ల వెడల్పు చోటిస్తే చాలు
బల్లిలా అతుక్కుంటాయి.
మూడు మైళ్లు పరిగెత్తి చూడు వీటితో,
మడమ నిన్ను పేరు పెట్టి తిడుతుంది.

మా గుమ్మం పక్కన ఒక పలక ఉంది.
పిల్లలు ఓనమాలు దిద్దే పలక కాదు, దాని తల్లి:
మా ఊరి క్వారీ నుంచి నాన్న తెచ్చిన
వంకాయరంగు బండ, నాలుగడుగులది,
గోడకి ఏటవాలుగా ఆనించి ఉంటుంది.
కొట్లో అద్దం కన్నా అదే నిజం చెబుతుంది.
చెంబుడు నీళ్లు పోసి "ఎక్కు" అన్నాను.

నాన్న బూట్ల అడుగున ఇనుప మేకులుండేవి.
చీకటితో పనికెళ్తుంటే
వీధి పొడుగునా నిప్పురవ్వలు.
పనికీ, కొండకీ, ఆదివారం ప్రార్థనకీ
అన్నిటికీ ఆ ఒక్క జతే.
ఒక మార్చి నెల, తడి పలక మీద
ఇనుము జారింది.
కుడిపాదం వాపు ఇక తగ్గనే లేదు,
ఎడమ కన్నా అరసైజు ఎక్కువైంది.
ఒక్క జత మనిషికి అప్పట్నుంచీ
రెండేసి జతలు కొనాల్సొచ్చేది,
దీంట్లోంచి ఒకటీ, దాంట్లోంచి ఒకటీ.
మిగిలిపోయిన పెద్ద ఎడమలూ చిన్న కుడులూ
కొత్తవి కొత్తగానే ఉన్నాయి మా అటక మీద,
ఎవరి కాళ్లకీ జత కానివి.

ఇడ్వాల్‌కి ఇదంతా చెప్పలేదు.
మూడో పెట్టె దించాను.

పొట్టి ముళ్లు, వెడల్పాటివి.
వేళ్ల ముందు రబ్బరు కప్పు, రాయి తగిలితే అదే ఏడవనీ.
అడుగు మరీ మందం కాదు,
కింద ఏముందో పాదానికి కబురు అందాలి కదా.
లేసులు వేళ్ల మొదలుదాకా.
"దిగేటప్పుడు గోరు నల్లబడకూడదంటే అరసైజు ఎక్కువ తీసుకో."
"ఎక్కేటప్పుడు?"
"లోపల పాదం ఈదుతుంది. లేసు బిగించు."
"దిగేటప్పుడు?"
"మళ్లీ బిగించు."

పలక ఎక్కాడు. జారాడు.
బొటనవేలి పక్క బరువు మార్చి మళ్లీ ఎక్కాడు,
పైన గోడమీద వేలాడే ధరల చీటీని ముద్దు పెట్టుకునేంత దగ్గరగా.
"ఇంతకీ ఇవి దేనికి మంచివి?"
"దేనికీ పూర్తిగా కాదు."
నవ్వి, డబ్బిచ్చి, వేసుకునే వెళ్లాడు.
బయట వాన మళ్లీ అందుకుంది.

పాత జత నా బల్ల కింద వదిలేశాడు.
పారేద్దామని తిరగేసి చూశాను:
కుడిది బాగానే ఉంది.
ఎడమ మడమ లోపలి వైపు మాత్రం
పూర్తిగా అరిగి, గుడ్డ బయటపడింది.
ఎప్పటి నొప్పో అది.
వాడు చెప్పలేదు, నేను కాళ్లు చూశానే గానీ
నడక చూడలేదు.
తలుపు తీసి వీధి చివరిదాకా చూశాను.
పరిగెత్తి వెళ్లిపోయాడు.