అడుగేటి?

ద్వారకానగర్ మూడో అంతస్తులో
ముందుగా నేర్చుకున్నది బటన్‌కి నీలం రంగు వేయడం.
నొక్కితే ఏమీ జరగని బటన్.
అయినా పాతపోస్టాఫీసు బస్సులో దారంతా
దాన్నే నొక్కుకుంటూ ఇంటికొచ్చాను.

హార్బర్లో పడవలు కట్టే ఎల్లాజీ మావ
ఫోను దూరంగా పట్టుకుని చూశాడు.
"రంగు బాగుంది. అడుగేటి?"

అడుగుకి ఏడాదిన్నర పట్టింది.
సర్వరు, డేటాబేసు, ఎక్కడో మరిచిన ఒక్క కామా.
ఐసు మర ఆడే చప్పుడులో, తెల్లారగట్ల నాలుగింటికి,
వల సర్దుతుంటే గుచ్చుకునే ముల్లులా
వేలికే దొరికేది తప్పు.

ఐదు కంపెనీలు మళ్ళీ కబురుచేస్తామన్నాయి.
రుషికొండ మీద ఆరోచోట ఒకావిడ
నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి
"సొంతంగా ఏం కట్టావు?" అంది.

ఐసు లెక్కల పుస్తకం, అన్నాను.
ఏ బోటుకి ఎన్ని దిమ్మలు, ఎవరి బాకీ ఎంత.
నలభై బోట్లవాళ్ళు వాడుతున్నారు.
వేట నిషేధం తీసేసిన రోజు
అందరూ ఒకేసారి తెరిచేసరికి మునిగింది.
రెండ్రోజులకి తేల్చాను.

ఉద్యోగమొచ్చిందని చెబితే
మావ తలెత్తలేదు.
చెక్కల సందుల్లో పత్తి కూరుతున్నాడు.
"ఆ రోజు నీరెటునుంచొచ్చిందో సూసుకున్నావేటే?"

చూశాను మావా.
తొందరలో
నేనే వదిలేసిన సందులోంచి.