గుండు

ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపెట్టింది డాక్టరమ్మ.
"ఇగో, ఇది గిన్నె. ఇది గుండు.
నడుమ మెత్త ఉండాలె, అరిగిపోయింది.
ఎముకను ఎముక గీకుతుంది."
గీకుడంటే నాకు తెలువదా!
కాజీపేట రైల్వే గేటు అవతల
నలభై ఒక్క యేండ్లు గీకిన.

"పాత గుండు తీసేసి కొత్తది పెడతం" అన్నది.
నవ్వొచ్చింది. నవ్వితే భుజం పట్టేసింది.
జంపన్నవాగు ఒడ్డున, ఒక్కొక్క జాతరకు
మూడు రాత్రులు పండకుంట
నేను తీసిన గుండ్లకు లెక్క లేదమ్మా,
ఒక్కనికి గూడ కొత్తది పెట్టలే.

మొదట పొడుగు మనుషులు అందకుంటయిండ్రు.
కుర్చీ కిందికి దించిన.
తర్వాత పొట్టోళ్లు.
తర్వాత నా నెత్తి నాకే అందలే.
పొద్దుగాల కనకలక్ష్మి దువ్వేది,
పాపిట ఎడమ దిక్కు తీసేది,
నేను ఎన్నడు తియ్యని దిక్కు.
అద్దంల ఎవడో కొత్త గిరాకి కూసున్నట్టుండేది.

నక్కలగుట్ట దవాఖాన్ల, ఆపరేషన్ నాడు,
ఇంక తెల్లారనే లేదు,
ప్లాస్టిక్ రేజరు పట్టుకొని పిలగాడొకడు వచ్చిండు.
"తాతా, చంక గీకాలె. చెయ్యి లేపు."
చెయ్యి లేస్తే ఈడికెందుకొస్త బిడ్డా.
మోచెయ్యి కింద దిండు పెట్టిండు,
వెంట్రుకకు ఎదురు గీసిండు.
ఒక గాటు. ఇంకో గాటు.
పండ్లు బిగవట్టిన గని నోరు ఆగలే:
"తోలు గుంజి పట్టు.
రేజరును పండవెట్టు. వాలు చూడు, వాలు.
గిన్ని నీళ్లు సాలవు, నాననియ్యి."
వాని చెయ్యి వణికింది, జరసేపటికి కుదిరింది.
"మీరు...?" అన్నడు.
"మంగలోన్నే. గియ్యి."

బ్లేడు పట్టుకొని నా ముందట ఒకడు కూసునుడు
నా పెండ్లయినంక అది రెండోసారి.
మొదటిది మా నాయిన పోయిన్నాడు.

మెడకాడ సూదేసిండ్రు.
చెయ్యి పక్కన పండుకున్న వేరే మనిషిదయింది.

ఆరు వారాలు జోలెల ఉన్నది,
ఏడ్వనేర్వని పసిపోరని లెక్క.
ఇగ తర్వాత గోడ.
వేళ్లతోని గోడెక్కుడు, బల్లి తీరు.
ఎంతదాక పోతే అంతదాక
కనకలక్ష్మి పెన్సిలుతోని గీత గీసేది.
స్విచ్చుబోర్డు. దాని మీద జానెడు.
క్యాలెండరు మేకుకాడ ఇరవై దినాలు ఆగింది,
సిగ్నలు పడని గూడ్సు బండి.

"పూరా ఇనుమేనా లోపట?
స్టేషన్ల మిషిను కూస్తదా?"
వచ్చినోడు వచ్చినట్టు అడుగుతడు.
డాక్టరమ్మ ఏమో సగం పూట పనే చెయ్యమన్నది,
పైకి లేపిన చెయ్యి లేపినట్టు ఉంచద్దన్నది.
సగం పూట ఏం చేసుడు? షట్టరు సగమే లేపుతున్న.

నిన్న దువ్వెన చెవి దాటింది.
నడినెత్తికి పోయింది.
ఎవ్వలు లేరు. ఫ్యాను గూడ బందు.
పాపిట కుడి దిక్కుకు తీసుకున్న, పాత జాగల.

అన్నం గిన్నె పట్టుకొచ్చిన కనకలక్ష్మి
తలుపుకాడ నిలవడి చూసింది.
"ఎడమ దిక్కే మంచిగుండె" అన్నది.

దువ్వెన దాని చేతికిచ్చిన.