ఎవలు మీ మేస్త్రీ?

రాత్రి రెండుంబావుకు షాద్‌నగర్ చౌరస్తాలో
కంపెనీ కారు ఆగుతుంది.
కుర్మయ్య హారన్ కొట్టడు,
లైటు ఒక్కసారి ఆర్పి వెలిగిస్తాడు.
టోపీ చంకలో పెట్టుకుని
కుక్కలు లేవకుండా గేటు దాటుతాను.

భుజం మీద మూడు బంగారు చారలు.
నాలుగోది
చర్చల్లో ఉంది.

మూడేళ్లుగా అక్కడే ఉంది.
మొన్న పాల్మాకుల దగ్గర ఫంక్షన్ హాల్లో యూనియన్ మీటింగు.
ఎవరి పెళ్లివో బంతిపూలు ఇంకా విప్పలేదు.
వధూవరుల సింహాసనాల్లో
సెక్రటరీ కెప్టెన్ ఒకరు, కోశాధికారి ఒకరు.
"సానుకూల వాతావరణంలో" అని మొదలుపెట్టాడు.
వాతావరణం మాకే చెప్తున్నాడా అని
వెనక వరసలో నజ్మా పకపకా నవ్వింది.
మబ్బులు చదివి బతికేవాళ్లం కదా మేము.

ఒప్పందం నలభై ఒక్క పేజీలు.
పన్నెండో పేజీలో మా నిద్రలోంచి గంటన్నర కోసి
ముప్పయ్యో పేజీలో దానికి పేరు పెట్టారు: వెసులుబాటు.
సంతకాలయ్యాక చదువుకోమని పంపారు.
పాతికేళ్ల సీనియర్లకు పెరిగింది.
మాకు, వచ్చేసారి.
చేతులెత్తమన్నారు.
లేచిన చేతుల్లో నాదీ ఒకటి.
ఎందుకెత్తానంటే ఏం చెప్పను,
అవతల బగారన్నం చల్లారుతోంది,
తెల్లవారుజామున నాలుగింటికి విమానం.

కొత్తూరు ఫ్యాక్టరీల పొగ దాటాక
కుర్మయ్యకు చెప్పాను ఇదంతా.
"మీ మేస్త్రీ ఎవలు సారు?"
మేస్త్రీ కాదు, యూనియన్ అన్నాను.
"గదే. అడ్వాన్సు ఎంత దీస్కున్నవ్?"
తీసుకోలేదు. నేనే కట్టాను శిక్షణకు.
ఐదేళ్లలోపు వదిలిపోతే ఇంకో పాతిక లక్షలు,
బాండు రాసిచ్చాను.

చాలాసేపు గేరు మార్చిన చప్పుడే.

"మాకు పైసలిచ్చి కట్టేస్తుండె సారు.
మీకాడ తీస్కొని కట్టేసిన్రు."

నా జీతమెంతో అడగలేదు.
అడిగుంటే తగ్గించి చెప్పేవాణ్ణి.
అతనికి ట్రిప్పుకు నాలుగొందలు,
రెండేండ్ల సంది గదే.

"మా మేస్త్రీ గూడ మా ఊరోడే.
కాల్వ పనికి వొయినప్పుడు మొదలు మాతోనే జొన్నరొట్టె తింటుండె.
తర్వాత తర్వాత సేటు టెంటుల తిన్నడు.
దొంగ గాదు సారు, ఒట్టు.
ఆడ కుర్చీ ఉండె. ఈడ లేకుండె."

మరి మీరేం చేశారు?

"ఏం జేస్తం. ఒకనాటి రాత్రి
మా అమ్మ లెక్కల బుక్కు గుంజుకున్నది.
ఆమెకు సదువు రాదు.
అయినా ఒళ్లె వెట్టుకొని కూసున్నది,
తెల్లారేదాక ఇయ్యలే."

పైసలొచ్చాయా?

"సగం."

ఎయిర్‌పోర్టు గేటు. జవాను టార్చి నా మొహం మీద,
తర్వాత కార్డు మీద, మళ్లీ మొహం మీద.

బెంగళూరు దారిలో జడ్చర్ల దీపాలు కిందికి జారాయి.
కోయిల్‌సాగర్ మీద ఇంకా నలుపే.
ఎడమ సీట్లో కెప్టెన్ హరనాథ్,
ఒప్పందంలో బాగుపడిన మనిషి, మంచివాడు,
తన కాఫీలో సగం నాకు పోశాడు.
"నువ్వూ చెయ్యెత్తావటగా" అన్నాడు, మెచ్చుకోలుగా.

చెక్‌లిస్ట్ తెరిచాను.
ఒక్కో మాట అడగాలి, కళ్లతో చూశాకే జవాబివ్వాలి.
చూడకుండా అవునన్నందుకు
మనుషులు పోయిన కథలు మాకు పాఠాలు.
ఈ రెండు సీట్ల గదిలో ఎంత నియమం!

దిగాక, గదికి పోకముందే,
సెక్రటరీకి రెండు వాక్యాలు రాశాను.
చర్చల్లో ఏ రోజు ఎవరేమన్నారో
ఆ పుస్తకం చూడాలి.
ఇచ్చేదాకా మీ ఆఫీసులో కూర్చుంటాను.

పంపించి, వేలు వణికితే
జేబులో పెట్టుకున్నాను.
సాయంత్రం దాకా జవాబు లేదు.
కుర్మయ్య మాత్రం ఫోన్ చేశాడు,
రేపు రెండింటికే రావాలంట సారు,
రోస్టరు మారిందంట.