అంగుళానికి ఎన్ని చుక్కలు

పత్తికొండ తాలూకా ఆఫీసులో
మా ప్రింటరుకు తొమ్మిదేండ్లు.
పచ్చలైటు ఆర్పుతూ వెలిగిస్తూ ఆలోచిస్తుంది.
కిటికీ అవతల వరుస, ఎండలోకి సాగుతుంది.

ఒక్క అడంగల్. రెండు గళ్ళు, పది పేర్లు.
దానికింతసేపా అని
దేవనకొండ నుంచి వచ్చిన ఉసేనమ్మ నవ్వింది:
"ఇంతలోకి రెండు రొట్టెలు కాల్చుకొని వద్దునే."

ఆ మాటకు సిగ్గేసి సెట్టింగు తెరిచి చూసినా.
ఎవరో పన్నెండువందల్లో పెట్టి పోయినారు.
బదిలీ అయిపోయిన ఏ సారుకో
తన రబ్బరు ముద్ర నున్నగా కనబడాల్సొచ్చిందేమో.

అంగుళం అడ్డానికి పన్నెండువందల చుక్కలు,
నిలువుకీ అన్నే.
ఏమీ రాయని తెల్లచోటు కూడా
తెల్లదేనా నువ్వు, తెల్లదేనా అని
ఒక్కొక్క చుక్కనూ అడిగొస్తుంది పాపం,
జనాభా లెక్కలకు దిగిన కొత్త పంతులు
తాళమేసిన ఇంటి ముందరా నిలబడి పిలిచినట్టు.
రోలర్లు ఎప్పుడో సిద్ధం. తలకాయకే తెమలదు.

ఆరువందలకు దించితే చుక్కలు నాలుగోవంతు.
ఇంకా దించినా, మూడువందలు.
గర్రుమని గొంతు సవరించుకుంది
ఇక కాగితం మీద కాగితం
పెనం మీంచి తీసినంత వేడిగా.
ఉసేనమ్మ తనది నాలుగు మడతలేసి
వక్కాకు సంచిలో దోపుకొని పోయింది.
ఈ సీట్లోకి వచ్చినంక మొదటిసారి
ఒంటిగంటకే క్యారియర్ విప్పినా.

మూడింటికి మద్దిలేటి వచ్చినాడు, తుగ్గలి పక్క నుంచి.
పొలం నక్షా కావాల.
చిటికెలో ఇచ్చినా.
ఆయన వెలుతురుకు పట్టుకొని చూసి
"మా వంక యాడ పోయెమ్మా?" అన్నాడు.

చూస్తే నిజమే.
వంక, బండిదారి, ఆయన గట్టు
మూడూ ఒకే లావుపాటి నల్లగీత.
కాగితం మీద వెంట్రుకంత,
నేల మీద ఒక ఎద్దు నడిచేంత.
ఆ ఎద్దు నడిచేంత జాగాకే
దాయాదితో ఏడేండ్లుగా మాటల్లేవంట.

మళ్ళీ పన్నెండువందలు.
మళ్ళీ పచ్చలైటు.
వెనకాల ఎవరో గొణిగినారు, బస్సు పోతాదని.

ఖాళీగా ఉండలేక మద్దిలేటే చెప్పుకొచ్చినాడు:
"తొలకరి పడితే మా చేలల్లోకి
యాడాడ నుంచో వస్తారు, వజ్రాలేరను.
ఉరుకులాడేటోనికి గాజుపెంకే దొరుకుతాది.
వంగి, గులకరాయి గులకరాయినీ అడగాల."
కొంచెమాగి,
"నేను ముప్పై ఏండ్లు మెల్లగానే నడిచినా.
నాకూ దొరకలే అనుకో."

అప్పుడొచ్చింది కాగితం.
వంక వంకే, దారి దారే, గట్టు గట్టే.
నడుమ తెల్లగా ఊపిరాడేంత సందు.
ఒక మూల మాత్రం చిన్న నల్లచుక్క.
డ్రమ్ము మీది దుమ్మది,
పొద్దున్నుంచీ అందరి కాగితాల్లో అక్కడే పడుతోంది.
చెప్పబోయినా.

ఆయన గోరు పెట్టి దాన్ని తడిమినాడు.
"ఈడనే ఉండె మా బాయి. మా నాయన పూడ్చేసె.
ఇదెవురు చెప్పినారమ్మా దీనికి?"

నోట్లో మాట నోట్లోనే ఉంది.
వెనకాల మనిషి నెట్టుకొని ముందుకొచ్చినాడు.
మూడువందలకు దించినా.