ముప్పయ్యారో పెట్టె

అంబత్తూరులో మా పంపుల కంపెనీ
మెట్ల కింద గదిలో
పద్దెనిమిదేళ్లుగా గోడకి వేలాడిన బూడిదరంగు పెట్టెకి
ఇవాళే ఆఖరు.
నాలుగు లైన్లు, ఒక ఫ్యాను, ఫ్యానుకి పట్టిన మసి,
అడుగున ఎవరో పెన్సిలుతో రాసిన పాస్‌వర్డు.
గొంతు మాత్రం జెసింతా మేడందే.
లేతు మిషన్లు ఆగే భోజనాల వేళ చూసుకుని
రిసెప్షన్ బల్ల కింద దూరి
మూడు భాషల్లో రికార్డు చేసిందట.
ఇప్పుడావిడ జీతాల సెక్షన్లో ఉంది.
తీసేస్తున్నామని చెబితే
"తెలుగులో 'నొక్కండి'ని 'నొక్కుండి' అన్నాను,
పోనీలే, ఆ తప్పూ పోతుంది" అని నవ్వింది.

కొత్తది చాలా మంచిది. నేనే ఎంచుకున్నాను.
గొంతులన్నీ ఉత్తరాలై ఇన్‌బాక్సులో దిగుతాయి
కొటేషన్ల పక్కన, సెలవుచీటీల పక్కన,
వచ్చిన వేళతో, కిలోబైట్ల బరువుతో.
కోయంబత్తూరు రైల్లో కూర్చునీ వినొచ్చు.
వినే ఓపిక లేకపోతే చదువుకోవచ్చు.
మేనేజర్లు చప్పట్లు కొట్టారు.
నాకూ గర్వంగానే ఉండింది, అబద్ధమెందుకు.

శుక్రవారంలోగా పాత మెసేజీలు వినేయండి,
అవి ఇటు రావు, అని నోటీసు పెట్టాను.
నోటీసూ మెయిల్లోనే పెట్టాను.

లోడింగు సెక్షను పెంచలయ్యకి మెయిలు లేదు.
ముప్పయ్యారో పెట్టె, నూటపన్నెండు మెసేజీలు.
పాడైందేమోనని ఒకటి విన్నాను.
"పదకొండు పెట్టెలు శ్రీపెరుంబుదూరు. రెండు తిరిగొచ్చినాయి.
తాడు తెగింది, కొత్తది అడగాల.
సెల్వం కాడ నూటయాభై."
ఇంకొకటి.
"మాధవరం లోడు రేపటికి. మర్చిపోబాక."
ఎవరితో చెబుతున్నాడు?
తనతోనే.
గూడూరు పక్కనించి వచ్చిన మనిషి, అక్షరం రాదు.
లారీ ఆఫీసు ఫోనులోంచి, గేటు ఫోనులోంచి
తన నంబరుకి తనే చేసుకుని చెప్పి పెట్టుకుంటాడు.
పొద్దున ఫోను మీద ఎర్రదీపం వెలుగుతుంటే
నిన్నటి తను ఇవాళ్టి తనకి
ఏదో అప్పజెప్పాడని లెక్క.
మనమైతే డైరీ అంటాం.
ఆయన దానికి పేరు పెట్టలేదు.

ఆయన మాటని కొత్త సిస్టంలో రాతలోకి మార్చి చూశాను.
మర్చిపోబాక అన్నది
మర్చంట్ పోబక్ అనే దొరగారై
ఇంగ్లీషులో నిటారుగా నిలబడింది.

ఐడీ ఇస్తానంటే
"దీపం ఉంటదా?" అన్నాడు.
కొత్త ఫోన్లకి దీపం లేదు.
అందుకని ముప్పయ్యారుని నా మెయిలుకి కట్టాను.

మొదటి సోమవారం వచ్చింది.
టెండరు గడువుకీ వైరస్ హెచ్చరికకీ నడుమ
పంతొమ్మిది సెకండ్లు.
తెరిచాను.
"మ్మా, ఇది నీకు గాదు. నాకు నేను చెప్పుకునేది.
ఇనబాక."
తర్వాత అన్నీ లారీ హారన్లే.
నేను చెవి తీసేదాకా
ఆయన అసలు సంగతి మొదలుపెట్టేట్టు లేడు.

అప్పట్నించి తెరవను.
చదవని ఉత్తరం కదా, ఆ వరస ఒక్కటి
తెర మీద నల్లగా, దళసరిగా ఉంటుంది
మిగతావన్నీ పలచబడ్డాక కూడా.
ఏడున్నరకి చెప్పులు గుమ్మం బయట విడిచి వస్తాడు.
"ఉండాదా?"
"ఉంది."
హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి తగిలించి
టీకని బయటికి పోతాను.
అద్దంలోంచి చూస్తే
కుర్చీ అంచున కూర్చుని తల ఊపుతుంటాడు,
మాట తప్పని మనిషెవరో
ఎదురుగా కూర్చుని పని చెబుతున్నట్టు.