మూడో గేరు

డెల్ఫీనా ట్రక్కులో పెట్రోలు ముల్లు
ఎప్పుడూ సగం దగ్గరే.
ఎంతుందో తెలియాలంటే
ట్యాంకులో పుల్ల ముంచి చూడాలి.

యాభై ఆరు నాటి బండి.
నీలం వెలిసి, కిటికీ అంచున ఇనుము తేలింది,
ముగ్గురి మోచేతులు అరగదీసిన చోట.

చిమాయో దాటాక అంతా ఎత్తే.
మూడో గేరు ఊరికే పడదు.
క్లచ్ రెండుసార్లు తొక్కి, ఒక్క క్షణం ఆగి,
బతిమాలినట్టు తొయ్యాలి.
వెనక కొత్త కార్ల హారన్లు.
"వాళ్లకి తొందరుంది, నాకు బండుంది" అంటుంది.

తొట్టిలో పచ్చిమిరప బస్తాలు.
కాళ్ల దగ్గర తుప్పు తిన్న చిల్లు,
అందులోంచి రోడ్డు పరుగు.
మూయించమని మెకానిక్ ఓర్లాండో పోరుతున్నాడు.
రేకు ముక్క కొన్నది కూడా.
సీటు కిందే ఉంది, మూడేళ్లుగా.

వాన పడితే మాత్రం
ఎడమకాలు కాస్త పక్కకి జరుపుకుంటుంది.